ఆ రెండో పేరు ఎవరిది? 2028 డెమోక్రటిక్ మహాసభ ప్రతినిధులకు బహిరంగ లేఖ

2028 వేసవిలో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభలో కూర్చోబోయే ప్రతినిధులకు, ఆ వేదిక మీద పార్టీ అభ్యర్థిత్వాన్ని అందుకోబోయే వ్యక్తికి,

నమస్కారం.

నేను న్యూజెర్సీ ఓటరును, డెమోక్రటిక్ పార్టీలో నమోదైనదాన్ని. ఇటీవలి అధ్యక్ష ఎన్నికలన్నింటిలో మా రాష్ట్రం వంతు వచ్చేసరికి ప్రైమరీ పోరు, అంటే పార్టీ అభ్యర్థి కోసం రాష్ట్రాలవారీగా జరిగే ఎన్నికల పోరు, దాదాపు తేలిపోయింది. మొదటి పేరు ఎంపికలోనే మా మాట అంతంతమాత్రం. రెండో పేరు, అంటే ఉపాధ్యక్ష అభ్యర్థి పేరు దగ్గరికి వచ్చేసరికి ఏ రాష్ట్రపు ఓటరుకూ మాట లేదు. ఆ పేరును ఒక్క మనిషి నిర్ణయిస్తారు. మీరు చేతులెత్తి ఆమోదిస్తారు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను. మీలో తెలుగు చదవగలవారు కొందరైనా ఉంటారన్న నమ్మకంతో, ఈ దేశంలో ఓటు హక్కున్న తెలుగు కుటుంబాలు కూడా ఈ విషయం మాట్లాడుకోవాలన్న కోరికతో తెలుగులోనే రాస్తున్నాను.

ఈసారి ప్రైమరీ పోరు తీవ్రంగా ఉంటుంది. 2024 ఓటమికి కారణం ఏమిటన్న దాని మీదే మన పార్టీలో ఏకాభిప్రాయం లేదు. గాజా, వలస విధానం, ఆరోగ్య బీమా, నాయకుల వయసు వంటి వాటిలో దేన్ని కదిపినా మనలో మనకే మాటలు పెరుగుతున్నాయి. నెలల తరబడి ఒకరినొకరు విమర్శించుకున్నాక ఒకరు గెలుస్తారు. మరుసటి రోజు నుంచే సలహాదారులు ఆ గెలిచినవారి చెవిలో ఒక మాట వేస్తారు: ఓడిన వర్గం నుంచి ఎవరినైనా తెచ్చి పక్కన నిలబెట్టండి, అలకలు తీరిపోతాయి. ఆ మాట వినవద్దని అడగడానికే ఈ లేఖ.

లిండన్ జాన్సన్, హ్యూబర్ట్ హంఫ్రీ, వాల్టర్ మాండేల్, ఆల్ గోర్, జో బైడెన్, కమలా హారిస్. 1961 నుంచి మన పార్టీ తరఫున ఉపాధ్యక్షులైనవారు ఈ ఆరుగురే. ఆరుగురూ ఆ తర్వాత పార్టీ అధ్యక్ష అభ్యర్థులయ్యారు. ఒక్కరు కూడా తప్పలేదు. అంటే మనం గెలిచిన ప్రతిసారీ, వేసవిలో ఒక హోటల్ గదిలో తీసుకున్న నిర్ణయం నాలుగేళ్లకో, ఎనిమిదేళ్లకో, పన్నెండేళ్లకో పార్టీ అభ్యర్థిని కూడా నిర్ణయించింది. 2008లో బరాక్ ఒబామా బైడెన్‌ను ఎంచుకున్నారు, ఆయన 2020లో మన అభ్యర్థి. 2020లో బైడెన్ హారిస్‌ను ఎంచుకున్నారు. 2024 జూలై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకోగానే, ఏ ప్రైమరీ లేకుండానే ఆమె మన అభ్యర్థి అయ్యారు. ఆమె సమర్థత మీద నాకు గౌరవం ఉంది. నేను అడుగుతున్నది మరొకటి: ఇంత దూరం ప్రభావం చూపే ఎంపికను, ఆ వారం పత్రికల్లో రావాల్సిన ఐక్యతా ఛాయాచిత్రం కోసం చేయవచ్చునా?

భారతదేశ రాజకీయాలు చూస్తూ పెరిగిన మనలాంటివారికి ఇక్కడ ఒక తేడా వెంటనే తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఒకేసారి ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు ప్రమాణం చేశారు. ఆ పదవికి రాజ్యాంగంలో ప్రత్యేక అధికారమేమీ లేదు కనుక, దాన్ని సామాజిక వర్గాల సర్దుబాటుకు వాడుకోవడం సాధ్యమైంది. 1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించినప్పుడు ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలికంగా బాధ్యతలు చేపట్టారు, ఆగస్టులో కొత్త ఎన్నిక జరిగింది. అమెరికాలో అటువంటి విరామం ఉండదు. అధ్యక్షుడు మరణించినా, రాజీనామా చేసినా ఉపాధ్యక్షుడే మిగిలిన కాలమంతటికీ అధ్యక్షుడు. సైన్యం, అణ్వస్త్రాలు, న్యాయమూర్తుల నియామకం అన్నీ ఆ క్షణం నుంచే ఆయన చేతిలోకి వెళ్తాయి. ఇంతవరకూ తొమ్మిది మంది అలా అధ్యక్షులయ్యారు. ఆ తొమ్మిది మందిలో పార్టీలోని చీలికను పూడ్చడానికి ఎంపికైనవారు ఎందరో చూడండి.

1839 డిసెంబరులో హారిస్‌బర్గ్‌లో, ఆనాటి ప్రధాన పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ మహాసభ హెన్రీ క్లేను కాదని విలియం హెన్రీ హారిసన్‌కు టికెట్టు ఇచ్చింది. క్లే వర్గాన్ని ఊరడించాలి కనుక ఆ పక్షానికి చెందిన జాన్ టైలర్‌ను ఉపాధ్యక్ష స్థానంలో నిలబెట్టారు. పార్టీ విధానాలను ఆయన నిజంగా నమ్ముతారా అని గట్టిగా అడిగినవారు లేరు. హారిసన్ పదవి చేపట్టిన నెల రోజులకే, 1841 ఏప్రిల్ 4న మరణించారు. టైలర్ అధ్యక్షుడై, పార్టీ ప్రాణంగా భావించిన జాతీయ బ్యాంకు బిల్లులను రెండుసార్లు తిరస్కరించారు. విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ తప్ప మంత్రులందరూ రాజీనామా చేశారు, పార్టీ ఆయనను వెలివేసింది.

1864లో లింకన్ పక్కన టెన్నెసీకి చెందిన ఆండ్రూ జాన్సన్‌ను నిలబెట్టడానికీ కారణం ఐక్యతే. రిపబ్లికన్ అయిన హానిబాల్ హామ్లిన్‌ను పక్కనపెట్టి, యుద్ధాన్ని సమర్థించే డెమోక్రాట్‌ను తెచ్చారు. 1865 ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురయ్యారు. అప్పుడే బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజలకు రక్షణ అత్యవసరమైన సమయంలో, 1866 పౌరహక్కుల బిల్లును తిరస్కరించిన మనిషి అధ్యక్ష స్థానంలో ఉన్నాడు. కాంగ్రెస్ ఆ తిరస్కారాన్ని అధిగమించి చట్టం చేసింది, 1868లో ఆయనను అభిశంసించింది కూడా. కానీ ఆ సంవత్సరాల్లో దక్షిణాదిలో జరిగిన హింసను, చేజారిన అవకాశాలను ఎవరూ వెనక్కి తేలేకపోయారు. ఒక ఎన్నికలో కొన్ని ఓట్లు కలుస్తాయన్న లెక్కకు ఈ దేశం చెల్లించిన మూల్యం చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

మూడో కథలో మలుపు వేరు. 1880లో షికాగోలో రిపబ్లికన్లు రెండు వర్గాలుగా చీలి, 36వ విడత ఓటింగుకు గానీ జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను ఎన్నుకోలేకపోయారు. ఓడిన వర్గానికి చెందిన చెస్టర్ ఆర్థర్‌కు ఉపాధ్యక్ష స్థానం దక్కింది. న్యూయార్క్ కస్టమ్స్ కార్యాలయం నుంచి అంతకు రెండేళ్ల ముందే తొలగించబడిన మనిషి ఆయన. 1881 జూలైలో గార్‌ఫీల్డ్‌ను కాల్చినవాడు తాను ఆర్థర్ వర్గం వాడినని, ఇక ఆర్థరే అధ్యక్షుడవుతాడని ప్రకటించుకున్నాడు. గార్‌ఫీల్డ్ మరణంతో అధ్యక్షుడైన ఆర్థర్ ఆ తర్వాత తన వర్గానికి ఎదురు నిలిచి, 1883లో ప్రభుత్వోద్యోగాలను పైరవీల నుంచి కొంతైనా విడిపించిన పెండిల్టన్ చట్టం మీద సంతకం చేశారు. దేశం అదృష్టవశాత్తు బయటపడింది. ఆయనను ఎంచుకున్నవారు ఆ గుణాన్ని చూసి ఎంచుకోలేదు.

ఇక జాన్ కెనెడీ, లిండన్ జాన్సన్‌ల సంగతి. తెలుగువారిగా మనం దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి. 1960 జూలైలో లాస్ ఏంజెలెస్ మహాసభలో కెనెడీకి 806 ఓట్లు, జాన్సన్‌కు 409 ఓట్లు వచ్చాయి. దానికి ముందు కొద్ది రోజుల్లోనే జాన్సన్ మనుషులు కెనెడీకి అడ్రినల్ గ్రంథులను దెబ్బతీసే అడిసన్ వ్యాధి ఉందని విలేకరుల ముందు బయటపెట్టారు. కెనెడీ తండ్రిని జాన్సన్ స్వయంగా దెప్పిపొడిచారు. అంత చేదు తర్వాత కెనెడీ ఆయన పేరే ఎంచుకునేసరికి కార్మిక సంఘాల నాయకులు, పౌరహక్కుల పక్షం వారు మండిపడ్డారు. తమ్ముడు రాబర్ట్ కెనెడీ బిల్ట్‌మోర్ హోటల్లో జాన్సన్ గదికి వెళ్లి, మీరు తప్పుకుంటారా అని అడిగేదాకా వెళ్లింది పరిస్థితి. జాన్సన్ తప్పుకోలేదు. నవంబరులో టెక్సస్‌ను ఈ జోడీ 46 వేల పైచిలుకు ఓట్ల తేడాతో గెలుచుకుంది.

దక్షిణాది ఓట్ల కోసమే కెనెడీ ఆ పని చేశారని అందరూ చెబుతారు. అది నిజమే, కానీ అంతా అదే కాదు. సెనేట్‌ను నడిపించడంలో జాన్సన్‌కు సాటి వచ్చేవారు అప్పుడు లేరు. అధ్యక్షుడి కుర్చీలో కూర్చోవలసి వస్తే పని చేయగలడా అన్న ప్రశ్నకు, ఆయనను ద్వేషించేవారు కూడా చేయగలడనే చెప్పేవారు. 1963 నవంబరు 22న కెనెడీ హత్యతో ఆ ప్రశ్న నిజమై ఎదురైంది. మరుసటి ఏడాది పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల చెంత జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. 1946 నాటి చట్టం ప్రకారం భారతీయులకు ఉన్న వార్షిక కోటా 100 మంది మాత్రమే. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను వడపోసే ఆ పద్ధతిని కొత్త చట్టం రద్దు చేసింది. కెనెడీ 1963లో ప్రతిపాదించిన మార్పును కాంగ్రెస్ గడప దాటించింది జాన్సన్ కాలంలోనే. ఆ తర్వాతే ఆంధ్ర ప్రాంతం నుంచి, తెలంగాణ నుంచి వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో ఇక్కడికి రాగలిగారు. ఈ రోజు న్యూజెర్సీలో, టెక్సస్‌లో మనకు గుడులున్నాయి, తెలుగు సంఘాలున్నాయి, ఓటు హక్కుంది. ఒక ఉపాధ్యక్ష ఎంపిక ఇంత దూరం వస్తుందని ఆ హోటల్లో ఎవరూ అనుకొని ఉండరు.

జాన్సన్ వియత్నాంలో చేసింది కూడా నేను మరచిపోలేదు. అదీ ఆ ఎంపిక ఫలితమే. నేను చెప్పదలచుకున్నది ఇంతే: మంచికైనా చెడుకైనా, ఆ రెండో పేరు అధ్యక్షుడి పేరుగా మారవచ్చునన్న స్పృహతోనే దాన్ని చూడాలి.

అలాగని ప్రత్యర్థిని ఎప్పుడూ తీసుకోవద్దని నేననడం లేదు. పోటీలో రెండో స్థానంలో నిలిచినవారు అందరికన్నా సమర్థులైతే, పాత మాటలు మనసులో పెట్టుకోకుండా తీసుకోవాలి. 1980లో జార్జ్ బుష్ తన ప్రత్యర్థి రీగన్ ఆర్థిక విధానాన్ని మంత్రవిద్యతో పోల్చారు. అయినా డెట్రాయిట్ మహాసభలో ఆ అర్ధరాత్రి రీగన్ ఆయనకే ఫోను చేశారు. మరుసటి ఏడాది మార్చి 30న రీగన్ మీద కాల్పులు జరిగిన సాయంత్రం, టెక్సస్ నుంచి తిరిగి వచ్చిన బుష్‌ను హెలికాప్టర్లో నేరుగా శ్వేతసౌధం పచ్చికలో దిగమని అధికారులు కోరారు. అక్కడ దిగేది అధ్యక్షుడు మాత్రమేనని ఆయన ఒప్పుకోలేదు. వారి విధానాలతో నాకు ఏకీభావం లేదు, అయినా ఆ రోజు ఆయన పాటించిన హద్దును గౌరవిస్తాను. 2020 జూలైలో బైడెన్ చేతిలోని కాగితాన్ని ఒక ఛాయాగ్రాహకుడు తీసిన చిత్రంలో హారిస్ పేరు కింద, కక్ష పెట్టుకోవద్దు అన్న అర్థం వచ్చే మాట కనిపించింది. 2019 మయామీ చర్చా వేదికలో ఆమె ఆయనను ఎంత గట్టిగా నిలదీశారో చూసినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది.

నాకు నచ్చనిది మధ్యేమార్గంగా కనిపించే మూడో దారి: అసలు ప్రత్యర్థిని వద్దనుకుని, ఆయన వర్గం నుంచి తక్కువ స్థాయి మనిషిని తెచ్చి, ఇక మీవాళ్లు ఉన్నారు కదా అనడం. దానితో ఓడినవారి ఓటర్లకు గౌరవం దక్కదు, దేశానికి సమర్థత దక్కదు.

అయితే ఓడినవారి ఓటర్లకు ఏమివ్వాలి? ఈ ప్రశ్నకు మన పార్టీ చరిత్రలోనే మంచి జవాబు ఉంది, దాన్ని గుర్తుంచుకున్నవారు తక్కువ. 1988 ప్రైమరీల్లో జెస్సీ జాక్సన్ దాదాపు 70 లక్షల ఓట్లు సంపాదించి రెండో స్థానంలో నిలిచారు. అభ్యర్థిత్వం గెలిచిన మైకేల్ డుకాకిస్ ఉపాధ్యక్ష స్థానానికి లాయిడ్ బెంట్సన్‌ను ఎంచుకున్నారు. ఆ సంగతి జాక్సన్‌కు అభ్యర్థి నోటి నుంచి కాక, విలేకరుల ప్రశ్నల ద్వారా తెలిసింది. 70 లక్షల మంది తరఫున నిలబడిన మనిషికి ఒక ఫోను కూడా ముందుగా అందకపోవడం మన పార్టీకి తగని పని. తర్వాత అట్లాంటాలో ఇరుపక్షాలూ కూర్చున్నాయి. జాక్సన్ పక్షం పదవికి బదులు నిబంధనల్లో మార్పు సాధించింది: వచ్చిన ఓట్ల నిష్పత్తిలోనే ప్రతినిధులను పంచాలని, గెలిచినవారికి అదనపు వాటా ఉండకూడదని. ఇరవై ఏళ్ల తర్వాత, 2008లో పెద్ద రాష్ట్రాలు చాలావరకు హిల్లరీ క్లింటన్ వైపు నిలిచినా, ఓడిన చోట కూడా తన వాటా ప్రతినిధులను దక్కించుకుంటూ ఒబామా ముందుకు వెళ్లగలిగింది ఈ నిష్పత్తి పద్ధతి వల్లే. జాక్సన్‌కు ఉపాధ్యక్ష స్థానం ఇచ్చి ఉంటే ఆ నవంబరు ఓటమిలో అదీ కొట్టుకుపోయేది. నిబంధన మాత్రం నిలిచింది.

2020లోనూ అలాంటి పని జరిగింది. బైడెన్, బెర్నీ శాండర్స్ పక్షాలు కలిసి ఆరు బృందాలు ఏర్పాటు చేసి, వాతావరణం నుంచి వలస విధానం వరకు చర్చించి, జూలైలో 110 పేజీల పత్రం వెలువరించాయి. ఉపాధ్యక్ష అభ్యర్థి పేరు ఆగస్టులో వచ్చింది. ఈ వరుసను గమనించండి. ముందు విధానాల మీద బేరం తేలింది, తర్వాతే పేరు వచ్చింది. కనుక ఆ పేరు బేరంలో భాగం కావలసిన అవసరం లేకపోయింది.

2016లో వరుస సరిగా లేదు. ఆ ఏటి మహాసభ జరిగిన ఫిలడెల్ఫియా మాకు పొరుగు నగరమే కనుక ఆ వారం వేడి మా ఇళ్లలోనూ తగిలింది. ప్రైమరీల్లో శాండర్స్‌కు 43 శాతం ఓట్లు వచ్చాయి, గంటకు 15 డాలర్ల కనీస వేతనం పార్టీ ప్రణాళికలోకి చేరింది. కానీ హిల్లరీ క్లింటన్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా టిమ్ కేన్ పేరు ప్రకటించిన జూలై 22నే, పార్టీ జాతీయ కమిటీ లోపలి ఈమెయిళ్లు బయటికి వచ్చాయి. సాధించినదంతా ఆ హోరులో వినపడకుండా పోయింది. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింటిలో కలిపి 78 వేల లోపు ఓట్ల తేడాతో ఆ ఎన్నిక చేజారింది. శాండర్స్‌ను పక్కన నిలబెట్టి ఉంటే గెలిచేవాళ్లమని వాదించేవారు నాకు తెలుసు. ఆ లెక్క ఎవరూ తేల్చలేరు. ఓడినవారి ఓటర్లతో నిజాయితీగా మాట్లాడటం మాత్రం అప్పుడు మన చేతిలో ఉన్న పని, దాన్ని చాలా ఆలస్యం చేశాం.

మరొక సంగతి క్లుప్తంగా. 1972లో పోరు మహాసభ రోజు దాకా లాగడంతో జార్జ్ మెక్‌గవర్న్‌కు ఉపాధ్యక్ష అభ్యర్థిని పరిశీలించే తీరిక లేకపోయింది. కొందరు పెద్ద నాయకులు ఆ స్థానం తమకు వద్దన్నాక హడావుడిగా థామస్ ఈగిల్టన్‌ను ఎంచుకున్నారు. ఆయన మానసిక కుంగుబాటుకు ఆసుపత్రిలో చికిత్స పొందిన సంగతి తర్వాత బయటపడి, మూడు వారాలు గడవకముందే తప్పుకోవలసి వచ్చింది. జబ్బు చేయడం ఆయన తప్పు కాదు. తొందరపాటు పార్టీది. పరిశీలన వసంతంలోనే మొదలుపెట్టాలి, రెండో స్థానంలో ఉన్నవారిని కూడా ఆ జాబితాలో చేర్చి, అందరితో సమానంగా పరిశీలించాలి.

మన తెలుగు కుటుంబాలకు కూడా ఒక మాట చెప్పాలి. 2024 జూలైలో రిపబ్లికన్లు జె.డి. వాన్స్‌ను ఎంచుకోగానే, ఆయన భార్య ఉషా చిలుకూరి మూలాల కోసం మన పత్రికలు, టీవీ చానళ్లు గోదావరి జిల్లాల్లోని వడ్లూరు దాకా వెళ్లాయి. కమలా హారిస్ తల్లి చెన్నై నుంచి వచ్చారని అంతకుముందు సంబరపడ్డాం. ఆ మమకారం సహజం, దాన్ని తప్పు పట్టను. కానీ ఓటు దగ్గర అడగవలసిన ప్రశ్నలు వేరు: వలస కుటుంబాల మీద ఈ మనిషి మాట ఏమిటి? గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవారికి ఏం చేస్తారు? రేపు అధ్యక్ష స్థానంలో కూర్చోవలసి వస్తే ఆ మాట మీద నిలబడతారా? మన ఊరి పేరు వినిపించినంత మాత్రాన వీటికి జవాబు వచ్చినట్లు కాదు.

ప్రతినిధులారా, పార్టీ నిబంధనల ప్రకారం ఉపాధ్యక్ష అభ్యర్థిని నిలబెట్టే అధికారం ఇప్పటికీ మహాసభదే. 1940లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ హెన్రీ వాలెస్‌ను పట్టుబట్టి ఒప్పించుకున్నప్పటి నుంచి అది అభ్యర్థి చేతిలోకి జారిపోయింది. 1956లో అడ్లై స్టీవెన్సన్ ఆ ఎంపికను మీలాంటి ప్రతినిధులకే వదిలేశారు. ప్రైమరీల్లో తనకు ప్రత్యర్థి అయిన ఎస్టిస్ కెఫావర్, యువ సెనేటర్ కెనెడీని దాటి గెలిచారు. దాన్ని అలాగే తిరిగి తెమ్మని నేను కోరడం లేదు. నాలుగేళ్లు కలిసి పనిచేయవలసిన మనిషి మీద అభ్యర్థికి నమ్మకం ఉండాలి, అది ఓటింగుతో పుట్టదు.

నేను కోరేది అంతకన్నా చిన్నది. మహాసభకు కనీసం రెండు వారాల ముందు, అభ్యర్థి తన పరిశీలనలో చివరిదాకా మిగిలిన ముగ్గురు నలుగురిని ప్రతినిధుల ముందుకు పంపాలి. బహిరంగంగా, అందరూ చూస్తుండగా మీరు వారిని ప్రశ్నించాలి. ఎంపికకానివారికి అది అవమానమవుతుందని కొందరంటారు. ఎవరెవరిని పరిశీలిస్తున్నారో ప్రతిసారీ పత్రికలకు లీకుల రూపంలో తెలుస్తూనే ఉంది. ప్రశ్నలకు ఎదురుగా జవాబు చెప్పడంలో అంతకు మించిన అవమానమేమీ లేదు. ఓడిన వర్గం ప్రతినిధులు అడిగే ప్రశ్నలకే ఆ రోజు మొదటి గంట కేటాయించండి. అంతకు ముందే రెండు పక్షాల మధ్య విధానాల ఒప్పందం రాతపూర్వకంగా వెలువడాలి. పేరు ఖరారైన వెంటనే, విలేకరులకు తెలిసే లోపు, రెండో స్థానంలో నిలిచినవారికి అభ్యర్థి స్వయంగా ఫోను చేయాలి.

ఈ మేరకు మహాసభ నిబంధనల కమిటీలో తీర్మానం పెట్టమని మా న్యూజెర్సీ ప్రతినిధులను, మిగిలిన రాష్ట్రాల వారిని కోరుతున్నాను. ప్రతినిధుల ఎంపిక మొదలు కాకముందే, మీలో పోటీ చేయదలచినవారు దీని మీద తమ అభిప్రాయం ఓటర్లకు చెప్పాలని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు డెమోక్రటిక్ ఓటరు